ఓకీఫ్ సీమలో ఊళ్లున్నాయి

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్ర రాజధాని శాంటా ఫేలో పొద్దున్నే బయల్దేరితే ఉత్తరాన ఉన్న గోస్ట్ రాంచ్ చూసుకుని చీకటి పడేలోగా తిరిగి రావచ్చు. పోనూ రానూ రెండు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఎస్పన్యోలా పట్టణం దాటాక దారి చామా నది వెంట సాగుతుంది. అబిక్యూ ఊరు వెనకబడి ఎత్తెక్కగానే ఎర్రమట్టి గుట్టలు, వాటి వెనుక పసుప్పచ్చని రాతి గోడలు కనిపిస్తాయి. దక్షిణాన పైభాగం కోసేసినట్టు చదునుగా ఉన్న పెడర్నల్ కొండ రోజంతా చూపును వదలదు. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ (1887–1986) దశాబ్దాల పాటు గీసిన నేల ఇది. యాత్రికులకు దీన్ని ‘ఓకీఫ్ సీమ’గా పరిచయం చేస్తుంటారు. ఆ పేరు పెట్టింది అభిమానంతోనే కావచ్చు, కానీ అది అన్యాయమైన పేరు. ఆమె బొమ్మల్లో మనుషులు లేకపోవడాన్ని చూసి నేలమీదా మనుషులు లేరనుకునేలా చేస్తుంది. ఆ బొమ్మలనే నిదానంగా చూస్తే అవి చెప్పేది వేరు.

ముందు ఆమె రంగుల సంగతి. చూడని వాళ్లకు ఆ ఎరుపు, ఆ పసుపు కల్పనలా తోస్తాయి. నిజానికి గోస్ట్ రాంచ్ గుట్టల అడుగున ఉన్నది ఇరవై కోట్ల ఏళ్లకు పైబడిన బురదరాయి. అందులోని ఇనుము తుప్పే ఆ ఎరుపు. దాని మీద ఇసుకరాతి గోడ, ఆ పైన జిప్సం కలిసిన బూడిదరంగు పొర. ఆ ఎర్ర పొరలోనే 1947లో న్యూయార్క్ మ్యూజియం శాస్త్రవేత్తలకు సీలోఫిసిస్ అనే చిన్న డైనోసార్ల ఎముకలు కుప్పలుగా దొరికాయి. ఆమె ఈ పొరలను వరుస తప్పకుండా గీసింది. రాయి విషయంలో ఇంత నమ్మకంగా ఉన్న కన్ను పక్కనే ఉన్న మనిషిని చూడలేదంటే నమ్మలేం. చూసింది, బొమ్మలోకి రానివ్వలేదు. ఆ ఖాళీ ఆమె ఎంచుకున్న కూర్పు.

ఎవరిని రానివ్వలేదో తెలియాలంటే అబిక్యూ చరిత్రలోకి వెళ్లాలి. పెడర్నల్ రాతితో వేల ఏళ్లుగా జనం పనిముట్లు చెక్కుకున్నారు. టేవా జాతి పూర్వీకులు కట్టుకున్న పాత ఊరి శిథిలాలు ఆ కొండ పక్కనే ఉన్నాయి. 1754లో స్పానిష్ గవర్నర్ అబిక్యూలో హెనీసరోలకు సామూహిక భూమి ఇచ్చాడు. వివిధ తెగల నుంచి బందీలుగా పట్టుబడి, స్పానిష్ ఇళ్లలో చాకిరీ చేసి, తమ తెగ పేరూ భాషా పోగొట్టుకున్న మూలవాసుల సంతతి హెనీసరోలు. వలస ప్రాంతపు సరిహద్దును దాడుల నుంచి కాపాడే భారం వాళ్ల మీద వేసి, బదులుగా ఇచ్చిన నేల అది. భూమి ఇచ్చారా, మనుషుల్ని అడ్డు పెట్టారా అంటే రెండూ నిజమే. నవంబరులో జరిగే ఊరి ఉత్సవంలో బందీల కాలాన్ని తలచుకునే పాటలూ నాట్యాలూ ఇప్పటికీ ఉన్నాయి. గోస్ట్ రాంచ్ ఉన్న చోటు కూడా 1766లో ఇచ్చిన పియేద్రా లుంబ్రే అనే భూదానంలోనిదే. 1940లో ఓకీఫ్ అక్కడ ఇల్లు కొనేనాటికి ఆ నేల ఎన్నో చేతులు మారింది.

ఇప్పుడు మళ్లీ బొమ్మల దగ్గరికి వద్దాం. 1929లో మొదటి సుదీర్ఘ పర్యటనలో ఆమె గీసిన నల్ల శిలువ ఎవరిది? ఆ ప్రాంతపు కాథలిక్ భక్త సంఘాలు కొండదారుల్లో నాటుకున్న శిలువలే ఆమె కంటపడ్డాయి. ఎడారి శూన్యానికి గుర్తుగా ప్రపంచమంతా తలచుకునే ఆ ఆవు పుర్రె ఎక్కడిది? 1930 నాటి కరువులో ఆ ప్రాంతంలో పశువులు తిండిలేక చచ్చాయి. ఎముకలను ఆమె పీపాల్లో నింపి న్యూయార్క్‌కు పంపుకుంది. ఆవు ఉందంటే దాన్ని మేపిన ఇల్లు ఉంది, అది చచ్చిన రోజున ఆ ఇంటికి కష్టం వచ్చింది. ఇరవైకి పైగా బొమ్మల్లో మళ్లీ మళ్లీ వచ్చే నల్ల తలుపు అబిక్యూలో 1945లో చర్చి అధికారుల నుంచి ఆమె కొన్న పాత మట్టి ఇంటిది. ఆ ఇంటిని బాగుచేయడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది. ఆమె స్నేహితురాలు మరియా షబో దగ్గరుండి చేయించిన ఆ పనిలో గోడలకు మట్టి పూసింది ఊరి స్త్రీలు. ఆ ఇంటి మీద ఆమె మనసు పడడానికి తలుపు ఒక కారణమైతే, నీళ్లు ఇంకో కారణం. గోస్ట్ రాంచ్‌లో కూరగాయలు పండవు. అబిక్యూలో అసేకియా అనే ఊరి కాలువ ఉంది, ఇంటితోపాటు అందులో వంతూ వచ్చింది. మన పల్లెల్లో నీరటి చేసే పనిని అక్కడ మయొర్దోమో చేస్తాడు. ఆమె తోట పచ్చగా ఉన్నది తరాలుగా జనం పూడిక తీసుకుంటూ కాపాడుకున్న కాలువ వల్ల.

చిత్రకారిణి ఏం గీయాలో మనమెవరం చెప్పడానికి అని ఎవరైనా అడగవచ్చు. ఆ మాట సబబే. పెడర్నల్‌ను ఒంటరిగా గీయడంలో తప్పేమీ లేదు, ఆ బొమ్మల అందం ఆ ఏకాంతంలోనే ఉంది. నా అభ్యంతరం బొమ్మను పటంగా చదవడం మీద. ఆమె కూడా ఆ కొండను తన సొంతమన్నట్టు మాట్లాడింది, చితాభస్మం దాని మీదే చల్లించుకుంది. ప్రేమలో అన్న మాట అది, దాన్ని పట్టాగా తీసుకోకూడదు. ఆమె పేరు లేకపోతే ఈ మారుమూల ఎవరికి తెలిసేదన్నది ఇంకో వాదన. ప్రపంచానికి తెలియకపోయినా అక్కడి వాళ్లకు తమ నేల తెలుసు. 1848లో మెక్సికోతో చేసుకున్న ఒప్పందంలో పాత ఆస్తి హక్కులను గౌరవిస్తామని అమెరికా మాట ఇచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో సామూహిక భూములు కోర్టుల్లో, లావాదేవీల్లో చేజారాయి. 1966 అక్టోబరులో రెయెస్ లోపెజ్ టిహెరినా నాయకత్వంలో భూహక్కుల ఉద్యమకారులు ఎకో ఆంఫిథియేటర్ అనే రాతి గుహ దగ్గరి ప్రభుత్వ శిబిర స్థలాన్ని ఆక్రమించారు. ఇద్దరు అటవీ ఉద్యోగులను పట్టుకుని, తమ నేలలోకి అక్రమంగా వచ్చారంటూ విచారణ జరిపారు. ఆ చోటు గోస్ట్ రాంచ్‌కు కొద్ది దూరంలోనే, అదే రహదారి మీద ఉంది. ఖాళీ నేల కోసం ఎవరూ అంత తెగించరు.

గోస్ట్ రాంచ్ 1955లో ప్రెస్బిటేరియన్ చర్చికి దానంగా వెళ్లింది. పెడర్నల్ అటవీశాఖ చేతిలో ఉంది. ఓకీఫ్ తెల్ల రాళ్ల బొమ్మలకు మూలమైన ప్లాజా బ్లాంకా ఒక ఇస్లామిక్ సంస్థది, దాని మట్టి మసీదుకు రూపమిచ్చింది ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫాతీ. అబిక్యూ వాసులు మాత్రం 1754 నాటి భూమిలో 16,000 ఎకరాలకు పైగా నేటికీ ఉమ్మడిగా నిలుపుకున్నారు. వాళ్ల ఊళ్లో గ్రంథాలయం ఉంది, సాంస్కృతిక కేంద్రం ఉంది. ఒక రోజు ప్రయాణంలో ఓకీఫ్ ఇంటికి కేటాయించే గంటల్లో ఒక గంట వాటికివ్వడం న్యాయం.