అద్దె తెరల మీద జార్డ్

1993 జనవరిలో జపాన్‌లోని ఫుజి టీవీ ‘షిరటోరి రెయికో డె గొజైమాసు!’ అనే హాస్య ధారావాహిక మొదలుపెట్టింది. గొప్పింటి అమ్మాయి, ఆమె డాబూదర్పం, ఓ మామూలు కుర్రాడి మీద పైకి చెప్పుకోలేని ప్రేమ. సరదాగా సాగి మార్చికల్లా ముగిసిన సీరియల్ అది. దాని శీర్షిక గీతం మాత్రం ముగియలేదు. జనవరి 27న సింగిల్ సీడీగా విడుదలైన ‘మకెనాయిదె’ (ఓడిపోకు అని అర్థం) 16 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. నిప్పన్ టీవీ ఏటా వేసవిలో ఇరవై నాలుగు గంటలపాటు నడిపే విరాళాల కార్యక్రమంలో, సుదీర్ఘ పరుగు పూర్తిచేయబోతున్న వ్యక్తికి ఊపునిస్తూ అందరూ కలిసి పాడే పాట అయింది. హాస్య సీరియల్ కోసం పుట్టిన పాట చివరికి పరుగు పందెం పాటగా స్థిరపడింది.

పాడిన బృందం పేరు జార్డ్. గొంతు ఇజుమి సకాయ్‌ది. సాహిత్యమూ ఆమెదే. స్వరం టెట్సురో ఒడాది.

మనకు పాట వినగానే ‘ఏ సినిమాలోది?’ అని అడగడం అలవాటు. జపాన్‌లో ఆ ప్రశ్నకు జవాబు సినిమాయే కానక్కర్లేదు. సీరియల్ కావచ్చు, కార్టూన్ కావచ్చు, శీతల పానీయం ప్రకటన కావచ్చు. ఇలా మరో వస్తువుతో జత కట్టి విడుదలయ్యే పాటను అక్కడ ‘టై-అప్’ అంటారు. 1970ల చివర్లో సౌందర్య సాధనాల కంపెనీలు దీన్ని పెద్ద ఎత్తున వాడుకున్నాయి. 1978లో ఎయికిచి యజావా పాడిన ‘జికన్ యో తొమరె’ షిసెయిడో ప్రకటన పాటే. 1991కి ఆ జోరు సీరియళ్లకు పాకింది. ‘టోక్యో లవ్ స్టోరీ’ కోసం కజుమసా ఒడా పాడిన పాట సింగిల్ పాతిక లక్షలు దాటింది. పాట కోసం సీరియల్ చూశారా, సీరియల్ కోసం పాట కొన్నారా అని తేల్చడం ఎవరి తరమూ కాలేదు. టీవీ సంస్థలకు తేల్చాల్సిన అవసరమూ లేదు. వాటి అనుబంధ సంగీత ప్రచురణ సంస్థలకు చాలా పాటల హక్కుల్లో వాటా ఉండేది. అంటే పాట అమ్ముడైనా లాభమే, సీరియల్ నడిచినా లాభమే.

ఈ ఆటను అందరికంటే బాగా ఆడింది డైకో నగాటో స్థాపించిన బీయింగ్ సంస్థ. 1990లో ‘చిబి మారుకో చాన్’ కార్టూన్‌కు బి.బి.క్వీన్స్ పాడిన ‘ఒడోరు పొంపొకొలిన్’ ఆ సంస్థ సరుకే. ఆ ఏడాది జపాన్‌లో అన్నింటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ అది. స్వరకర్త మళ్లీ టెట్సురో ఒడాయే. ఆ బృందానికి వంతపాట పాడేవాళ్ల కోసం జరిగిన ఎంపికకు, అప్పటికి మోడల్‌గా పనిచేస్తున్న సకాయ్ కూడా వెళ్లింది. వంతపాటకు తీసుకోలేదు, కొత్త బృందానికి ముందు నిలబెట్టారు.

1991 ఫిబ్రవరి 10న జార్డ్ తొలి సింగిల్ ‘గుడ్-బై మై లోన్లీనెస్’ వచ్చింది. అదీ ఫుజి టీవీ సీరియల్ శీర్షిక గీతమే. తొలి అడుగే అద్దె తెర మీద పడిందన్నమాట. మొదట్లో గిటార్, బాస్, కీబోర్డు, డ్రమ్స్ వాయించే సభ్యులు ఉండేవారు. 1993 నాటికి వాళ్లంతా తప్పుకున్నారు. జార్డ్ అంటే సకాయ్, ఆమె చుట్టూ స్టూడియోలో పనిచేసే సంగీతకారులు. పేరుకు బృందం, లెక్కకు ఒక్కరు.

ఆ ఒక్కరు కూడా కనిపించడం మానేశారు. ‘మకెనాయిదె’ పాడటానికి 1993 ఫిబ్రవరిలో ‘మ్యూజిక్ స్టేషన్’ కార్యక్రమానికి వెళ్లాక, సకాయ్ టీవీ సంగీత కార్యక్రమాల గడప తొక్కలేదు. కచేరీలూ అంతే. 1999లో ఒక ఓడలో, ఎంపికైన అభిమానుల ముందు పాడింది. ఊరూరా తిరిగి కచేరీలు చేసింది 2004లో ఒక్కసారే. ఇంత తక్కువగా కనిపించిన మనిషి అంత ఎక్కువగా ఎలా వినిపించింది? ఇతరుల తెరల మీదే. జార్డ్ చరిత్ర రాయదలచినవాళ్లకు ఇంటర్వ్యూల కత్తిరింపుల కన్నా, ఏ పాట ఏ సీరియల్‌కు, ఏ ప్రకటనకు వెళ్లిందన్న చిట్టాయే గట్టి ఆధారం.

ఆ చిట్టాలో అన్నింటికన్నా మెరిసే పద్దు 1993 మే నెలది. ఒట్సుకా ఔషధ సంస్థ తయారుచేసే పొకారి స్వెట్ పానీయం ప్రకటనకు ‘యురెరు ఒమొయ్’ పాటను వాడారు. ప్రకటన అంటే పదిహేను సెకన్లో, ముప్పై సెకన్లో. పల్లవి అంతలో చెవిన పడి మిగతాది వినాలనిపించాలి. టెట్సురో ఒడా బాణీల్లో పల్లవి తెరుచుకునే తీరు, మసావో అకాషి వాద్య సమ్మేళనంలోని తళుకు, సకాయ్ గొంతులోని నిటారుదనం ఆ కొలతకు అతికినట్టు సరిపోయాయి. కొలతకు కోసిన పాట గనుక తక్కువరకం అనే విమర్శకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ సందర్భం చెప్పి రాయించుకున్న పాటలతో పెరిగిన తెలుగువాళ్లం ఆ మాట అనడానికి తగినవాళ్లం కాదు. అదే పేరుతో జులైలో వచ్చిన ఆల్బమ్ ఆ ఏడాది జపాన్‌లో అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది.

తర్వాత కార్టూన్ల వంతు. 1996 జనవరిలో ‘మై ఫ్రెండ్’ బాస్కెట్‌బాల్ కార్టూన్ ‘స్లామ్ డంక్’ ముగింపు గీతమైంది. 1997 జనవరిలో ‘డోంట్ యూ సీ!’ ‘డ్రాగన్ బాల్ జీటీ’ ముగింపుకు వెళ్లింది. 1998లో ‘ఉన్‌మెయి నో రూలెట్ మవాషితె’ ‘డిటెక్టివ్ కోనన్’ ప్రారంభ గీతం. కోనన్‌తో బీయింగ్ బంధం ఎంత గట్టిదంటే, ఆ కార్టూన్ పాటల వరుస చూస్తే చాలు, ఆ సంస్థ గాయకుల హాజరు పట్టీ చదివినట్టే.

చిట్టా రాసేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కార్టూన్‌లో వినిపించేది సుమారు తొంభై సెకన్ల ముక్క. సింగిల్ సీడీలో ఉన్నది పూర్తి పాట. ఆల్బమ్‌లో ఒక్కోసారి మిశ్రమం మారుతుంది. ఒకే పేరు కింద మూడు రికార్డింగులున్నప్పుడు దేన్ని అసలుదని రాయాలి?

పైగా సకాయ్ తన పాటలు తనకే ఉంచుకోలేదు. ‘డ్రాగన్ బాల్ జీటీ’ ప్రారంభ గీతం ‘డాన్ డాన్ కొకొరో హికరెతెకు’ను పాడింది ఫీల్డ్ ఆఫ్ వ్యూ బృందం. సాహిత్యం సకాయ్‌ది, స్వరం ఒడాది. 1995లో పొకారి స్వెట్ ప్రకటనకు అదే బృందం పాడిన ‘తొత్సుజెన్’ కూడా ఈ ఇద్దరిదే. 1996 జులైలో వచ్చిన ‘టుడే ఈజ్ అనదర్ డే’ ఆల్బమ్‌లో సకాయ్ ఈ రెండింటినీ తన గొంతుతో పాడింది. జత కట్టింది ఒకరి రికార్డింగు, మాట మరొకరిది, మళ్లీ పాడిన గొంతు మాట రాసినవారిది. గాయకుల పేర్ల ప్రకారం జాబితా వేస్తే సకాయ్ రాసింది సగం జారిపోతుంది. రచయితల ప్రకారం వేస్తే ఆమె గొంతు ఎక్కడుందో వెతుక్కోవాలి.

సకాయ్ 2007 మే 27న, నలభయ్యో ఏట, టోక్యోలోని కెయియో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో చికిత్స పొందుతూ మరణించింది. జూన్‌లో అయోయామా అంత్యక్రియల మందిరం దగ్గర జరిగిన సంతాప సభకు సుమారు 40 వేల మంది అభిమానులు వచ్చారు. చాలామందికి ఆమెను దగ్గరగా చూసినట్టు అనిపించిన మొదటి సందర్భం అదే అయి ఉంటుంది.

చిట్టా అక్కడితో ఆగలేదు. ఆమె వదిలి వెళ్లిన అసంపూర్ణ గాత్రంతో తయారైన ‘గ్లోరియస్ మైండ్’ 2007 డిసెంబరులో విడుదలైంది; అది కోనన్ ప్రారంభ గీతం. 2008లో వచ్చిన కోనన్ సినిమాకు ‘సుబాసా వో హిరోగెతె’ శీర్షిక గీతమైంది. ఆ పాట కొత్తది కాదు. సకాయ్ సాహిత్యంతో డీన్ బృందం 1993లోనే విడుదల చేసింది. సకాయ్ గొంతుతో ఉన్న రికార్డింగుకు మెరుగులు దిద్ది, ఆమె పోయాక సింగిల్‌గా తెచ్చారు. సాహిత్యం ఒక దశాబ్దానిది, విడుదల మరో దశాబ్దానిది, సినిమా గాయని చూడనిది. విడుదల తేదీ అన్న ఒక్క గడిలో ఇదంతా ఇమడదు.

2017లో అసాహీ షింబున్ ప్రచురణ విభాగం జార్డ్ పాటలను సీడీ, డీవీడీలతో కలిపి పక్షానికో సంచికగా తీసుకురావడం మొదలుపెట్టింది. 2021 సెప్టెంబరులో పాటలన్నీ స్ట్రీమింగ్‌లోకి వచ్చాయి. అక్కడ పాట పేరు, ఆల్బమ్, నిడివి, ఏడాది ఉంటాయి. ‘ఫలానా సీరియల్ శీర్షిక గీతం’ అని పాత సీడీ అట్ట మీద అచ్చువేసిన వరుసకు మాత్రం అక్కడ చోటు లేదు. పాతికేళ్ల కుర్రాళ్లు ‘మకెనాయిదె’ను సీరియల్ ఊసే లేకుండా వింటున్నారు. షిరటోరి రెయికో పేరు కావాలంటే సెకండ్‌హ్యాండ్ దుకాణంలో పాత సీడీ అట్టను తిరగేయాల్సిందే.