మన ముంగిటి కళాశాల

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల చుట్టునున్న గ్రామములలో ప్రతి సంవత్సరమును వేసవి నాటికి ఇంటింట మూడు ప్రశ్నలు పుట్టుచుండును. ఇంటర్మీడియేటు ముగించిన బిడ్డను ఎక్కడ చేర్పింపవలెను? అందులకు ఎంత యగును? ఆ చదువువలన ఏమి వచ్చును? ఈ ప్రశ్నలు కొత్తవి కావు. నూరేండ్లుగా మన తండ్రులును తాతలును వీనినే అడుగుచు వచ్చిరి. ప్రశ్నలు మారలేదు, సమాధానములు మాత్రము మారినవి. అవి ఎట్లు మారినవో, ఎవరి పూనికచే మారినవో మీకు మనవి చేయుట ఈ ప్రసంగమున నా యుద్దేశము.

చదువు వెల యనగానే మనకు రుసుము స్ఫురించును. విచారించి చూచినచో ఆ వెల నాలుగు విధములుగా నున్నది. మొదటిది దూరము. రెండవది భాష. మూడవది రుసుము. నాలుగవది, పిల్లవాడు బడిలో కూర్చున్నన్ని దినములు ఇంటికి రాకపోవు కూలి. ఈ నాలుగింటిలో మొదటి మూడును క్రమముగా తగ్గుచు వచ్చుటయే మన సీమలోని ఉన్నత విద్యాచరిత్రము. నాలుగవది ఇంకను మన నెత్తిమీదనే యున్నది.

విద్య మన సీమకు పరాయిది కాదు. పదవ శతాబ్దమున వేములవాడ చాళుక్యుల ఆస్థానమున పంపకవి కన్నడ భారతమును రచించెను. సోమదేవసూరి సంస్కృతమున వెలసెను. కురిక్యాల సమీపమున బొమ్మలగుట్టమీద జినవల్లభుడు వేయించిన శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములును గలవు. గోదావరీ తీరమున ధర్మపురి వేదాధ్యయనమునకు పేరుగన్నది. అయినను ఆ విద్య అందరికిని అందినది కాదు. పండితులకు రాజులు పన్నులేకుండ ఇచ్చిన గ్రామమునకు అగ్రహారమని పేరు. చదువువాని గ్రాసము రాజు భరించెను. ఆ ధాన్యమును పండించినవాని బిడ్డకు మాత్రము అందు చోటు లేకుండెను. నేడు సిరిసిల్లకును వేములవాడకును నడుమ అగ్రహారమను పేరుగల చోటనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల యున్నది. మగ్గమువాని కూతురును, వ్యవసాయకూలి కొడుకును అందు చేరవచ్చును. పేరు ప్రాతదే గాని ప్రవేశనియమము కొత్తది. ఈ మార్పు ఒక్క దినమున కలిగినది కాదు.

నిజాము రాజ్యమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మానా ననుసరించి 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్యను బోధింపబూనిన ఆ ప్రయత్నము సామాన్యమైనది కాదు. శాస్త్రగ్రంథములను అనువదించుటకు ప్రత్యేకముగ ఒక అనువాదశాలనే నెలకొల్పిరి. దేశభాషలో శాస్త్రము చెప్పవచ్చునని అది లోకమునకు చూపినది. కాని ఆ భాష ఉర్దూ. రాజ్యములో దాదాపు సగముమందికి తెలుగు మాతృభాష. ఉర్దూ మాతృభాషగా గలవారు పదింట ఒక వంతు. కనుక మన పిల్లవాడు శాస్త్రము నేర్చుటకు ముందు భాష నేర్వవలసి వచ్చెను.

దూరము మాట చెప్పనక్కరలేదు. జగిత్యాలనుండి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. ఆ కాలమున జగిత్యాలకు రైలు లేదు. నగరమునకు వెలుపల ఇంటర్మీడియేటు కళాశాలలు ఓరుగల్లు, ఔరంగాబాదు, గుల్బర్గా పట్టణములలో నుండెను; కరీంనగరున లేదు. బండిమీద పోయి, పట్టణమున బస వెదకికొని, భోజనమునకు ఒకరి నాశ్రయింపగలవాడే చదువగలిగెను. ఆ బస యొక్క విలువ నెరిగినవారు కనుకనే కొందరు పెద్దలు వసతిగృహములకు పూనుకొనిరి. పిమ్మట నగర కొత్వాలయిన రాజాబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసినది. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగా పనిచేసిరి. ఒక వసతిగృహము ఎందరు పల్లెటూరి బిడ్డలకు కళాశాల ద్వారము తెరచెనో లెక్క కట్టుట కష్టము.

మన సీమ కూడ ఊరకుండలేదు. 1935లో నాలుగవ ఆంధ్రమహాసభ సిరిసిల్లలో జరిగెను. మాడపాటి హనుమంతరావుగారు అధ్యక్షత వహించిరి. మాతృభాషలో చదువు కావలెననునది ఆ మహాసభలు మరల మరల కోరిన కోరిక. సభ జరుపుటకే సర్కారు అనుమతి వేడవలసిన దినములలో, మగ్గముల చప్పుడు మధ్య మన పెద్దలు కూర్చుండి చదువును గూర్చి మాటలాడిరి. నేటి మన కళాశాలలకు పునాదిరాళ్లు అట్టి సభలలో పడినవని నా నమ్మకము.

చేరుట ఒక యెత్తు, నిలుచుట ఇంకొక యెత్తు. 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులను బహిష్కరించిరి. వారికి నాగపుర విశ్వవిద్యాలయము చోటిచ్చెను. అట్లు నాగపురమునకు పోయినవారిలో పూర్వపు కరీంనగరు జిల్లా వంగరలో పెరిగిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు ఒకరు. పాట పాడినందులకు చదువు వెల అంతయైనది.

సిరిసిల్ల సీమలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సింగిరెడ్డి నారాయణరెడ్డిగారి చదువు ఆ కాలమునకు మంచి నిదర్శనము. ఊరిలో ఓనమాలు, సిరిసిల్లలో ఉర్దూ మాధ్యమమున మాధ్యమిక విద్య, కరీంనగరున ఉన్నత పాఠశాల, హైదరాబాదు చాదర్‌ఘాటున ఇంటర్మీడియేటు, ఉస్మానియాలో పట్టము. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క ఊరు మారవలసి వచ్చెను. తెలుగు కవిత్వమునకు 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందుకొన్న మహాకవి బి.ఏ. వరకును ఉర్దూలో చదివెను. ప్రతిభయు, ఇంటివారి ఓపికయు తోడయినవి కనుక ఆయన దాటెను. దారిలో ఆగిపోయినవారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు.

1948 సెప్టెంబరు 17న నిజాము పాలన ముగిసెను. ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చెను. ఒక గోడ పడి వేరొక గోడ లేచెనన్నమాట. కరీంనగరున ప్రభుత్వ కళాశాల వెలసి, 1959లో విశ్వనాథ సత్యనారాయణగారంతటివారు దానికి ప్రిన్సిపాలుగా వచ్చి, 1961లో అక్కడనే ఉద్యోగవిరమణ మొందిరి. కల్పవృక్ష కర్త జిల్లా కళాశాలలో ఉన్నాడన్నచో, పెద్ద చదువు నగరమునకే చెందునన్న భ్రమ ఎట్లు నిలుచును? భాషాసమస్యకు కొంత పరిష్కారము 1968లో దొరకినది. ఆ యేట తెలుగు అకాడమి స్థాపితమయ్యెను. అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావుగారే దాని తొలి అధ్యక్షులు. చదువుకై రాజ్యము దాటినవాడు తన వెనుకవారికి తెలుగున భౌతికశాస్త్రము, చరిత్ర, అర్థశాస్త్రము చేతికిచ్చెను. నేను ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదివినవాడను. వ్యాకరణాలంకారములే నా చదువు. అయినను అకాడమి పుస్తకములను తిరగవేసి ఆధునిక శాస్త్రముల రుచి నేనును ఎరిగితిని.

దూరము కూడ తగ్గుచు వచ్చెను. జగిత్యాలలో ఎస్.కె.ఎన్.ఆర్. ప్రభుత్వ కళాశాల, కోరుట్లలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల వెలసినవి. 1976లో ఓరుగల్లున కాకతీయ విశ్వవిద్యాలయమును, 2008లో కరీంనగరున శాతవాహన విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. పట్టాకై 200 కిలోమీటర్లు పోవలసిన జగిత్యాలవాడు మొదట 120, పిదప 50 కిలోమీటర్లు పోయిన చాలునాయెను. పొలాసలో వ్యవసాయ కళాశాల, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో ఇంజనీరింగు కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, జగిత్యాలలో 2022లోను సిరిసిల్లలో 2023లోను వైద్య కళాశాలలు వచ్చినవి. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ పల్లెబస్సులలో ఆడువారికి టిక్కెట్టు లేదు. ఆడపిల్లను కళాశాలకు పంపుటకు బస్సు ఖర్చు అడ్డమని ఇక నెవ్వరును చెప్పజాలరు.

ఈ తలపు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమున జోలియెట్ అను పట్టణమున 1901లో ఆరుగురు విద్యార్థులతో ఒక చిన్న ప్రజాకళాశాల మొదలయ్యెను. ఇంటనుండి వచ్చి, తక్కువ రుసుముతో, రెండేండ్లు చదువుకొను చోటు అది. రెండవ ప్రపంచయుద్ధానంతరము 1947లో అధ్యక్షుడు ట్రూమను నియమించిన సంఘము ఇట్టి కళాశాలలు దేశమంతట నుండవలెనని చెప్పెను. వానిని వారు ‘కమ్యూనిటీ కాలేజీ’ అందురు. ఊరివారి కళాశాల యని మనము చెప్పుకొనవచ్చును. ధనిక దేశము సైతము ముంగిటి కళాశాలను చిన్నచూపు చూడలేదని తెలియుటకు ఈ ముచ్చట చెప్పితిని.

ఇక రుసుము. దళిత విద్యార్థులకు మెట్రిక్యులేషను తరువాతి చదువునకు ఉపకారవేతనములను భారత ప్రభుత్వము 1944లో ప్రారంభించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008 ప్రాంతమున బోధనారుసుమును సర్కారే చెల్లించు పద్ధతి వెనుకబడిన తరగతులకును, ఇతర పేదలకును విస్తరించెను. ఇందులకు కుల ఆదాయ ధ్రువపత్రములు కావలెను. నూటికి 75 వంతుల హాజరు ఉండవలెను. మంచి పద్ధతియే, అయినను సర్కారు సొమ్ము సకాలమున రాదు. బకాయిలకై 2024లోను, 2025లోను ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి నిరసన తెలిపినవి. నా శిష్యురాలొకతె, బీడీలు చుట్టు తల్లి బిడ్డ, ఒక ప్రైవేటు కళాశాలలో పట్టము ముగించినది. సర్కారు సొమ్ము రాలేదని వారామె పత్రములను ఆపిరి. ఉద్యోగపు గడువు దాటిపోయినది. ప్రభుత్వ కళాశాలలో రుసుము స్వల్పము గనుక ఇట్టి ముప్పు అంతగా లేదు. బిడ్డను చేర్చుటకు ముందు ఈ భేదమును పెద్దలు గమనింపవలెను.

ప్రవేశపద్ధతియు మారినది. 2016 నుండి డిగ్రీ ప్రవేశములు ‘దోస్త్’ అను అంతర్జాల పద్ధతిలో సాగుచున్నవి. పూర్వము తెలిసినవారి సిఫారసు పనిచేసెడిది. ఇప్పుడు ఇంటర్మీడియేటు మార్కులును, రిజర్వేషనును చూచి సీటు నిర్ణయింతురు. మొదటి విడత నమోదునకు 200 రూపాయలు, తరువాతి విడతలకు 400 రూపాయలు తీసికొనుచు వచ్చిరి. కావలసిన కళాశాలలను వరుసక్రమమున కోరుకొనవలెను. సీటు వచ్చిన వెనుక గడువులోపల ఒప్పుకొన్నట్లు తెలుపనిచో ఆ సీటు పోవును. పైరవీ తగ్గుట మేలే. కాని గడువు తెలియనివానికి ఇది కొత్త గోడ. మీ ఊరి పంచాయతీ గోడమీద ఆ తేదీలను వ్రాయించినచో ఎందరి యేడాదియో దక్కును.

డిగ్రీ చదువు మూడేండ్లు, ఆరు అర్ధసంవత్సరములు. ప్రతి అర్ధసంవత్సరమునకును పరీక్ష గలదు. కనుక ఏడాదియంతయు తిరిగి చివరి నెల చదువుదమన్న ప్రాతపద్ధతి చెల్లదు. కళాశాలను ఎంచునప్పుడు మేడను చూడకుడు. కోరిన విషయమునకు అధ్యాపకుడు ఉన్నాడా, ప్రయోగశాల తెరచుచున్నారా, గ్రంథాలయమున పుస్తకములు చేతికిత్తురా అని అడుగుడు. దూరపు కొండలు నునుపని మనవారు ఊరక అనలేదు.

నాలుగవ వెల మిగిలినది. సిరిసిల్లలో మరమగ్గము, కోరుట్లలో బీడీచాట, జగిత్యాల పల్లెలలో గల్ఫు ప్రయాణము: ఈ మూడును పదునెనిమిదేండ్ల పిల్లవానిని పిలుచుచునే యుండును. రుసుము లేదన్నంతమాత్రమున పేదయింటికి చదువు ఉచితము కాదు. పోయిన కూలి కూడ రుసుమే. పని మానలేనివారికై 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము పుట్టినది. దేశమున అట్టివానిలో అదియే మొదటిది. నేడది అంబేద్కరు పేరిట నడచుచున్నది. బీడీకార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక సంక్షేమ శాఖ ఉపకారవేతనములును గలవు. వీనిని అడిగి తీసికొనువారు కావలెను.

పెద్దలారా, సత్రము కట్టినవాడు దీపము పెట్టువానిని కూడ నియమించిపోవును. మన పెద్దలు సభలు జరిపి, అర్జీలు వ్రాసి, ఈ కళాశాలలను మన ముంగిటికి రప్పించిరి. దీపము పెట్టు పని మనది. విద్యార్థులు చేరని కళాశాలలో మొదట ఒక శాఖ మూతపడును. పిదప అధ్యాపకుడు బదిలీయగును. కడకు భవనము మాత్రము మిగులును. అప్పుడు మరల బిడ్డలు 200 కిలోమీటర్లు పోవలసి వచ్చును, పోలేనివారు ఆగిపోవుదురు. కనుక ఈ సంవత్సరము మీలో నలుగురు కలిసి ఒక దినము దగ్గరి ప్రభుత్వ కళాశాలకు పోయి, ప్రిన్సిపాలుగారిని కలిసి, ఏ శాఖలో ఎన్ని సీట్లు మిగిలినవో, ఏ విషయమునకు అధ్యాపకుడు లేడో తెలిసికొనుడు. మిగిలిన సీట్ల మాట గ్రామమున చాటుడు. లేని అధ్యాపకుని మాట ప్రభుత్వమునకు వ్రాయుడు. ఈ రెండు పనులకును రుసుము లేదు.

అని మనవిచేసి విరమించుచున్నాను.