నిప్పు, ఆకు, వణికే చేయి



ముప్పయ్యేళ్ళకు పైగా నల్లబల్ల మీద గుండ్రని అక్షరాలు వ్రాసిన చేయి నాది. నాలుగేళ్ళ క్రిందట ఆ అక్షరాలు కుదించుకుపోసాగాయి. పంక్తి మొదట శనగగింజంత ఉన్న అక్షరం చివరకు వచ్చేసరికి ఆవగింజంత అయ్యేది. వైద్యులు పరీక్షించి పార్కిన్సన్ వ్యాధి అన్నారు. ఈమధ్య మా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, చైనావాళ్ళు ఏదో ఆకు కాల్చి సెగ పెడతారట. మెదడులో కణాలు చావకుండా అది కాపాడుతుందట. ఈ మాత్రలు మానేసి అది చేయించుకోండి" అన్నాడు. వాడి ప్రేమను శంకించను. కానీ ఏ మాట విన్నా దాని వ్యుత్పత్తి వెదకడం పండితుని అలవాటు గదా! ఈ సెగకు కూడా పుట్టుక వెదికాను.

చైనావారు తమ సూది వైద్యాన్ని 'జెన్ జ్యూ' అంటారు. అది ద్వంద్వ సమాసం వంటిది: మొదటిది సూది, రెండవది కాల్పు. 'జ్యూ' అనే అక్షరంలో క్రింద అగ్ని ఉంటుంది, పైన 'చిరకాలం' అనే అర్థమున్న గుర్తు ఉంటుంది. పై గుర్తు ఉచ్చారణ కోసమేనని వారి ప్రాచీన నిఘంటువు చెప్పినా, చాలాసేపు నిలిచే నిప్పు అన్న భావం చదివేవారికి స్ఫురించకపోదు.

వారు కాల్చేది మన మాచిపత్రికి దగ్గరి చుట్టం. వినాయక చవితినాడు ఇరవయ్యొక్క పత్రులలో మొదట సమర్పించే ఆ సువాసన ఆకు జాతిదే. దానిని ఎండబెట్టి, నిలవచేసి, దంచి, దూదివలె చేస్తారు. ఆ దూదిని చిన్న ముద్దగా చర్మం మీద గాని, చుట్టవలె చుట్టి చర్మానికి కొంచెం ఎడంగా గాని కాలుస్తారు.

1973లో హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌దుయి వద్ద క్రీ.పూ. 168 నాటి సమాధిని త్రవ్వగా పట్టు గుడ్డల మీద వ్రాసిన వైద్యగ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి శరీరంలోని పదకొండు నాడీమార్గాలను, ఒక్కొక్కదానికి వచ్చే బాధలను వర్ణిస్తుంది. చికిత్సగా కాల్పును మాత్రమే చెబుతుంది, సూది ఊసే లేదు. నేడు లోకం సూదినే ఎరుగును గాని, ఆ గ్రంథంలో నిప్పుదే రాజ్యం.

ఈ విద్య జపానుకూ వెళ్ళింది. అక్కడి 'మొగుసా' అన్న మాటే ఐరోపావారి నోట 'మోక్సా' అయినది. బటావియాలో, అంటే నేటి జకార్తాలో, బుస్కోఫ్ అనే డచ్చి మతబోధకుడు కీళ్ళవాతంతో బాధపడి, ఆ ప్రాంతపు ఒక వైద్యురాలి చేత కాల్పు పెట్టించుకొని ఉపశమనం పొందాడు. ఆ అనుభవాన్ని వ్రాసిన అతని పుస్తకానికి 1676లో లండనులో ఆంగ్లానువాదం వచ్చినది. ఇంటిగెలుపు మాత్రం శాశ్వతం కాలేదు: 1822లో చైనా చక్రవర్తి దావోగ్వాంగ్ తన ఆస్థాన వైద్యసంస్థ నుండి సూదిని, కాల్పును కూడా తొలగించాడు.

అంతకు ఐదేళ్ళు ముందు, 1817లో, లండనులో జేమ్స్ పార్కిన్సన్ 'వణుకు పక్షవాతం' మీద చిన్న గ్రంథం ప్రచురించాడు. ఆరుగురు రోగులను చూసి అతడు వ్రాసిన లక్షణాలు నేటికీ చెక్కుచెదరలేదు. కానీ అతడు సూచించిన చికిత్స ఏమిటో తెలుసా? మెడ పైభాగాన నెత్తురు తీయడం, అక్కడే చర్మం బొబ్బలెక్కించి చీము పట్టించడం! రోగపు మూలం మెడలోని నరపు త్రాటి పైభాగంలో ఉన్నదని అతని ఊహ. కన్ను గెలిచినది, మందు ఓడినది. తూర్పున గాని పడమట గాని, కనబడని మెదడును చేరడానికి మనిషికి దొరికిన దారి చర్మమే.

మూలం మెదడు నడుమనున్న నల్లని కణాలలో ఉన్నదని 1919లో ట్రెటియాకాఫ్ చూపాడు. ఆ కణాలు తయారుచేసే డోపమైన్ ఈ రోగులలో తరిగిపోతుందని 1960లో వియన్నాలో తేలినది. ఆ లోటు తీర్చే లెవోడోపాను మన దూలగొండి గింజల నుండి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి ఉన్నారు. అప్పటికి దాని ఉపయోగం ఎవరికీ తెలియదు. నేను వేసుకొనే మాత్రలో ఉన్నది అదే. కనుక ఆకు, గింజ అంటే నాకు చులకన లేదు.

మరి మేనల్లుడి మాట అబద్ధమా? కాదు, సగం నిజం. రోగలక్షణాలు కల్పించిన ఎలుకలకు మోక్సా సెగ పెట్టగా, ఇనుము కారణంగా కలిగే ఒక రకం కణమరణం తగ్గినదని 2019లో చైనా పరిశోధకులు ప్రచురించారు. అయితే ఎలుక నుండి మనిషికి దారి చాలా దూరం. క్రియాటిన్ అనే పదార్థం కూడా ఎలుకల మెదడు కణాలను కాపాడినది. దానిని అమెరికా, కెనడాలలో 1,741 మంది రోగుల మీద ఏళ్ళ తరబడి పరీక్షించి, ప్రయోజనం కనబడక 2013లో ఆపివేశారు. మనుషులలో ఈ కణమరణాన్ని ఆపుతుందని నిరూపణ అయిన మందు నేటికీ లేదు. నా మాత్ర కూడా లోటును పూడ్చేదే గాని, కణాన్ని కాపాడేది కాదు. కానీ దానిని ఉన్నట్టుండి మానితే ప్రాణం మీదకు రావచ్చునని వైద్యులు హెచ్చరిస్తారు.

మేనల్లుడితో ఇలా అన్నాను: "పులిని చూచి నక్క వాత పెట్టుకున్నదని సామెత. ఎలుకను చూచి మనిషి వాత పెట్టుకోరాదురా. రెండువేల ఏళ్ళ నాటి ఆ నిప్పు నొప్పికి, చలికి ఓదార్పు. దానిని ఓదార్పుగానే గౌరవిద్దాం. వైద్యుణ్ణి అడిగి భుజానికి సెగ పెట్టించుకుంటాను. మాత్ర మాత్రం మానను."

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, మాత్రల వేళ అయినదని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.