నలభై అయిదు నిమిషాల దూరం

భవానీపురంలో వుండేవాళ్ళకి దీవి అంటే పెద్ద వింతేమీ కాదు. కృష్ణలో పడవెక్కి నాలుగు కబుర్లు చెప్పుకునేలోపు భవానీ ద్వీపం వచ్చేస్తుంది. అందుకే, అల్లుడి ఉద్యోగం మూలంగా మారిషస్‌లో వుంటున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "వచ్చే వారం పక్క దీవికి వెళ్తున్నామమ్మా" అనగానే, "పడవలోనా?" అన్నాను. పకపకా నవ్వింది.

విమానంలోనట! మారిషస్ విమానాశ్రయం నుంచి రీయూనియన్ విమానాశ్రయానికి సుమారు 230 కిలోమీటర్లు. ప్రయాణం 45 నిమిషాలు. మా ఇంటి దగ్గర బయల్దేరి బస్సులో గుంటూరు చేరడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. గడియారం కూడా మార్చుకోనక్కర్లేదు, రెండుచోట్లా ఒకటే టైము. మార్చుకోవలసింది డబ్బే. ఇక్కడ రూపాయి, అక్కడ యూరో. మారిషస్ 1968లో బ్రిటిష్‌వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకుంది, రీయూనియన్ ఈనాటికీ ఫ్రాన్సులో భాగమే.

ఈ ఇంగ్లీషు, ఫ్రెంచి గొడవ వినగానే నా మనసు గోదావరి ఒడ్డుకి పోయింది. అక్కడ కోరంగి, యానాం ఇరుగూ పొరుగూ. సైకిలు మీద గంటలో వెళ్ళిరావొచ్చు. కానీ కోరంగి ఇంగ్లీషువాళ్ళ చేతిలో, యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో వుండేవి. 1828లోనే యానాం నుంచి తెలుగువాళ్ళని రీయూనియన్‌కి ఓడెక్కించారు. బ్రిటిష్ రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక, 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకి ఒప్పందపు కూలీలు వెళ్ళడం జోరందుకుంది. కోరంగి రేవులో ఎక్కినవాళ్ళ మూలంగా అక్కడ తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అన్న పేరే పడిపోయింది. 1839 నాటి తుఫాను ఉప్పెనలో కోరంగి రేవు నాశనమైపోయినా, ఆ పేరు మాత్రం సముద్రం అవతల బతికింది.

నాకో పాడు ఆలోచన వచ్చింది. ఒకే ఇంట్లో అన్న కోరంగిలో, తమ్ముడు యానాంలో ఓడెక్కి వుంటే? వారాల తరబడి నడిసముద్రంలో ప్రయాణం చేసి, ఒకరికొకరు ఇంత దగ్గరలో దిగి కూడా మళ్ళీ మొహాలు చూసుకోలేదేమో! వీడు ఒక దొర కూలీ, వాడు మరో దొర కూలీ. ఆ రెండు దీవుల మధ్య మొదటి విమానం ఎగిరింది 1933లో. అప్పటికి వాళ్ళ మనవలు కూడా ముసలివాళ్ళయ్యుంటారు.

అన్న పిల్లలకి ఉగాది మిగిలింది. మారిషస్‌లో ఆ రోజు సెలవు, బళ్ళలో తెలుగు చెబుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. తమ్ముడి పిల్లలు తమిళుల్లో కలిసిపోయారు. అక్కడ అందరికీ కలిపి 'మలబార్లు' అని ఒకటే పేరు. పిల్లలకి క్రైస్తవుల పేర్లు, బడిలో ఫ్రెంచి. తెలుగు మాట ఏ తరంలో ఆగిపోయిందో!

అన్నట్టు, విమానాశ్రయాల పేర్లు కూడా విన్నాను. రీయూనియన్‌ది రోలాఁ గరోస్. టెన్నిస్ పోటీల పేరు కాదండీ, ఆ దీవిలోనే పుట్టి, 1913లో మధ్యధరా సముద్రాన్ని ఎక్కడా ఆగకుండా మొదటిసారి విమానంలో దాటిన వీరుడు. మారిషస్‌ది శివసాగర్ రాంగూలామ్, ఆ దేశపు మొదటి ప్రధానమంత్రి. ఆయన తండ్రి బీహారు నుంచి వచ్చిన ఒప్పందపు కూలీ. నాకు ఈ రెండో పేరే ఎక్కువ నచ్చింది.

"అక్కడి దుకాణాల బోర్డుల మీద మన ఇంటిపేర్లేమైనా వున్నాయేమో చూడవే" అన్నాను.

"నలభై అయిదు నిమిషాల ప్రయాణానికి ఎన్ని పనులు పెడతావమ్మా!" అని విసుక్కుంది. కిటికీ పక్క సీటు మాత్రం అడుగుతానంది.