యానాదుల వకీలు - వెన్నెలకంటి రాఘవయ్యగారు

మా ముత్తుకూరు ప్రాంతమున చేపలు పట్టుచు, పొలములు కాచుచు బ్రదుకు యానాదులను మీ రెఱుగుదురు. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో చెన్నరాజధానికిని వ్యాపించెను. దాని పట్టికలో యానాదులును జేరిరి. అట్టి జాతిలో జన్మించుటయే నేరమయ్యెను.

నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్యగారు వారి పక్షము వహించి, ఆదిమజాతి సేవక సంఘమునందు పాటుపడిరి. 1952లో ఆ చట్టము రద్దయ్యెను. వారు యానాదులనుగూర్చి 1962లోను, సంచారజాతులనుగూర్చి 1968లోను, ఆదిమజాతుల తిరుగుబాట్లనుగూర్చి 1971లోను ఇంగ్లీషున గ్రంథములు వెలువరించిరి. 1973లో పద్మభూషణ బిరుదము లభించెను.

బడిలో నేను చెప్పిన చరిత్రమంతయు రాజులదే. రాజులకు శాసనములున్నవి; గుడిసెవానికి నోటిమాటయే సాక్ష్యము. ఆ సాక్ష్యమును రాఘవయ్యగారు గ్రంథస్థము చేసిరి. అయినను, కళ్లమున గింజ తగ్గినంతనే మన చూపు ముందుగా యానాదిపై బడునేని, ఆ చట్టము మనలో నింకను బ్రదికియున్నట్లే.