వేదిక మీదికి దారి

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో పుట్టింది. అది పుట్టింది చూపులేని ఒక పిల్లవాడి కోసమని చెబుతారు. విజయరామ గజపతిరాజు ఆస్థానంలో ఉండే చాగంటి జోగారావు కొడుకు గంగరాజుకు కళ్లు కనిపించవు, సంగీతమంటే ఇష్టం. ఆ అబ్బాయి నేర్చుకోవాలని రాజావారు ఏకంగా ఒక కళాశాలే పెట్టించారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామి నాయుడిని వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారు. ఆయనకూ చిన్నప్పటి నుంచి చూపు మందమే. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

దీన్ని రాజుగారి దయగా చెప్పుకొని వదిలేస్తున్నాం. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి ముఖ్యం. గురువు పాడితే శిష్యుడు విని పట్టుకునే చదువు అది, చూపు లేకపోవడం అక్కడ అడ్డమే కాదు. పిల్లవాణ్ని బడికి తగ్గట్టు మార్చకుండా బడినే పిల్లవాడికి తగ్గట్టు కట్టారు. ఆ తర్వాత వందేళ్లలో ఇలాంటిది మన దగ్గర అరుదు.

1951లో భారతి బ్రెయిలీ వచ్చాక తెలుగు అక్షరాలు ఆరు చుక్కల్లో చూపులేనివాళ్ల వేలికొసలకు అందాయి. 1985లో సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ సినిమా తీశారు. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కృత్రిమ కాలుతో మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్ తన కథలో తానే నటించారు. జనం కంటతడి పెట్టి చప్పట్లు కొట్టారు. కానీ ప్రభుత్వ భవనాలకు ర్యాంపులు ఉండాలని చట్టం చెప్పడానికి ఇంకో పదేళ్లు, అంటే 1995 దాకా పట్టింది. మనిషిని మెచ్చుకోవడంలో ఉన్న తొందర మెట్ల పక్కన దారి వేయడంలో లేదు.

వేములవాడ నుంచి దక్షిణానికి పోతే సిరిసిల్ల వస్తుంది. నేతపనివాళ్ల ఊరు. బూర రాజేశ్వరి అక్కడ నేత కుటుంబంలో పుట్టింది. పుట్టుకతోనే చేతులు స్వాధీనంలో లేవు, మాట స్పష్టంగా రాదు. నోటుబుక్కు నేల మీద పరిచి, కాలి వేళ్ల మధ్య పెన్ను ఇరికించి రాసేది. ఒక్కో అక్షరానికి ఒళ్లంతా కదలాలి. అలా వందల కవితలు రాసింది. గీత రచయిత సుద్దాల అశోక్‌తేజ ఆమె కవితలను పుస్తకంగా అచ్చు వేయించారు. ప్రభుత్వ సాయమూ అందింది. 2022 డిసెంబరులో ఆమె కన్నుమూసింది.

అశోక్‌తేజ చేసింది గొప్ప పని. అయితే ఆయన కంట పడకపోతే? ఆ నోటుబుక్కులు ఆ ఇంట్లోనే ఉండిపోయేవి. గంగరాజుకు ఒక రాజు దొరికాడు, రాజేశ్వరికి ఒక కవి దొరికాడు. దొరకనివాళ్ల సంగతే నన్ను కుదురుగా ఉండనివ్వదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ ఈ పనిని ప్రభుత్వం మీద పెట్టింది: కళలు అందరికీ అందుబాటులోకి తేవాలి, కళల కోర్సులను మార్చాలి, వినపడనివాళ్లకు టీవీలో సబ్‌టైటిల్స్ గానీ సైగల భాష గానీ ఉండాలి. సినిమా హాళ్ల వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. వినపడని, మాట్లాడలేని అభినయ ‘శంభో శివ శంభో’, ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ సినిమాల్లో నటించి మెప్పించారు. ఆమెలాగే వినపడని ప్రేక్షకుడికి అదే హాల్లో తెర మీద మాటలు అక్షరాలుగా కనిపించలేదు. 2024 మార్చిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటికి మించిన భాషల్లో సెన్సార్ అయ్యే సినిమాలకు వినపడనివాళ్ల కోసం ఒకటి, చూపులేనివాళ్ల కోసం ఒకటి, కనీసం ఈ రెండు సదుపాయాలు ఆరు నెలల్లో రావాలన్నది.

సభలు పెట్టేవాళ్లను ఒక్కటి అడుగుతాను. జగిత్యాలైనా, కోరుట్లైనా, సిరిసిల్లైనా, హాలు గుమ్మం దాకా ర్యాంపు వేసి ఊరుకోకండి. వేదిక మీదికీ వేయండి. చక్రాల కుర్చీలో వచ్చేది చూడ్డానికే కాదు, కవిత చదవడానికి కూడా.