132 మైళ్ల అవతల

రాడార్ అనగానే మనకి గుండ్రటి పచ్చని తెర, దాని మీద గిరగిరా తిరిగే గీత గుర్తొస్తాయి. సినిమాల పుణ్యం. 1941 డిసెంబర్ 7 పొద్దున, హవాయిలో ఒవాహు దీవి ఉత్తరపు కొసన, ఒపానా అనే చోట ఇద్దరు కుర్ర సైనికులు చూస్తున్న తెర మీద అవేవీ లేవు. అడ్డంగా ఒక గీత. ప్రతిధ్వని వస్తే దాని మీద ఒక ముల్లు లేస్తుంది, అంతే.

దూరం కొలిచే సూత్రం కొండ ముందు నిలబడి కేకేసినవాళ్లకి కొత్తది కాదు. కేక వెళ్లి తిరిగొచ్చేందుకు పట్టిన టైముని దాని వేగంతో గుణించి, సగం చేయాలి. ఇక్కడ కేక రేడియో తరంగం, సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎస్.సి.ఆర్-270 అనే ఆ సెట్టు సెకనుకి ఆరొందల పైచిలుకు పొట్టి కేకలు వేసేది. ఒకటి వేసి, ఊరుకుని, వినాలి. తొందరపడి రెండోది వేస్తే తిరిగొచ్చింది ఏ కేకదో తెలీదు.

ఆ పొద్దున 7:02కి లేచిన ముల్లు 132 మైళ్ల దూరం చూపించింది. అంటే 212 కిలోమీటర్లు, రానూపోనూ 1.4 మిల్లీసెకన్లు. ఏ స్టాప్‌వాచీకీ అందని టైము. అందుకని తెర మీది గీతనే గడియారం చేశారు. ఒక చేతిచక్రం తిప్పి మార్కుకి సరిపెడితే, చక్రం మీది స్కేలు నేరుగా మైళ్లే చెబుతుంది. నాకు ఈ ఏర్పాటు భలే నచ్చుతుంది.

నిజానికి వాళ్ల డ్యూటీ 7కే అయిపోయింది. టిఫినుకి తీసుకెళ్లే ట్రక్కు రాలేదు, జార్జ్ ఇలియట్‌కి సెట్టు నడపడం నేర్చుకోవాలని ఉంది, అందుకే కట్టేయలేదు. అంత పెద్ద ముల్లు చూసి జోసెఫ్ లాకర్డ్ సెట్టే పాడైందేమో అనుకున్నాడట. ఫోన్ చేస్తే అవతల ఉన్నది కెర్మిట్ టైలర్ అనే లెఫ్టినెంట్. కాలిఫోర్నియా నుంచి మన బి-17 విమానాలు రావాల్సి ఉంది, అవే అయ్యుంటాయనుకుని, పట్టించుకోవద్దన్నాడు.

టైలర్‌ని తిట్టిపోయడం తేలికే. నేను మాత్రం తిట్టలేను. ముల్లు దూరం చెప్పింది, దిక్కు చెప్పింది. ఎవరివో, ఎన్నో, ఎంత ఎత్తులో ఉన్నాయో ఆ సెట్టు చెప్పలేదు. బి-17లు కూడా నిజంగానే వస్తున్నాయి, దాదాపు అటు నుంచే.

వాళ్లు ముల్లుని వదల్లేదు. మైళ్లు తగ్గుతూ వచ్చాయి. 20 మైళ్ల దగ్గర, చుట్టూ ఉన్న కొండల ప్రతిధ్వనిలో అది కలిసిపోయింది. అప్పటికి 7:39. సెట్టు కట్టేసి, ట్రక్కెక్కి టిఫినుకి బయల్దేరారు. పెర్ల్ హార్బర్ మీద మొదటి బాంబులు 7:55కి పడ్డాయి.